పరదేశినిగా నడిచిన పండిత రమాబాయి

ధ్యాన భాగములు: రూతు 1వ అధ్యాయము, యోహాను 4:1–42



గత నెల స్త్రీల కూటములో మేము రూతు గ్రంథము చదువుచుండగా ఒక సహోదరి నన్నొక ప్రశ్న అడిగెను. మోయాబు దేశము విడిచి బేత్లెహేమునకు వచ్చిన తరువాత రూతు ఏ కూడు తినెను, ఏ భాష మాటలాడెను, పుట్టినింటి పండుగలు జ్ఞాపకమునకు వచ్చిన దినమున ఏమి చేసెను అని. సెమినరీలో రూతు గ్రంథమును గూర్చి నేను రెండు పరీక్షలు వ్రాసితిని. ఈ ప్రశ్న మాత్రము అక్కడ ఎవ్వరును మమ్మును అడుగలేదు. వాక్యములో దీనికి జవాబు వ్రాయబడియుండలేదని చెప్పి, ప్రార్థన చేసి, కూటమును ముగించితిని. ఇంటికి నడచి వచ్చుచుండగా త్రోవ పొడుగునను నా మనస్సునకు వచ్చినది రూతు కాదు, పండిత రమాబాయి.

మన సంఘములలో ఆమె పేరు వినని వారు తక్కువ. సండేస్కూలు పిల్లలకు ఆమెను గూర్చి చెప్పునప్పుడు కరవు నుండి రక్షింపబడిన బాలికలను, ముక్తి మిషనును చెప్పి ముగింతుము. నేనును అట్లే చెప్పుచుంటిని. అంతకు ముందు ఆమె ఎందరిని పాతిపెట్టెనో, ఎందరిని దహనము చేసెనో, ఎన్ని ఇండ్లలో సగము చుట్టమై సగము పరాయిదై బ్రదికెనో మనము చెప్పము. ఈ నెల ఆ సంగతులే వ్రాయ గోరుచున్నాను.

రమాబాయి 1858వ సంవత్సరము ఏప్రిల్ 23వ తేదీన పడమటి కనుమలలోని గంగామూల అను అడవి ప్రదేశమున పుట్టెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆయన పడుచుప్రాయములో పూనాలో చదువుకొనుచుండగా, ఆయన గురువు పీష్వా గారి భార్యకు సంస్కృతము నేర్పుచుండెను. ఒక స్త్రీ నోట సంస్కృత శ్లోకములు విని ఆయన ఆశ్చర్యపడి, తన భార్యకు కూడ నేర్పవలెనని నిశ్చయించుకొనెను. మొదటి భార్య విషయములో ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆమె మరణించిన పిమ్మట, గోదావరి తీరమున స్నానఘట్టమునొద్ద ఒక యాత్రికుడు ఆయనను చూచి, మంచి కుటుంబమని విచారించి తెలిసికొని, తన తొమ్మిదేండ్ల కుమార్తెను ఆయనకిచ్చి మరునాడు తన త్రోవను పోయెను. ఆ చిన్నదే రమాబాయి తల్లి లక్ష్మీబాయి. ఆయనకు అప్పటికి నలువది దాటినది. నేటి మనకు ఇది వినుటకే కష్టముగా నుండును. అయినను ఆ పిల్లను ఆయన చక్కగా చూచుకొని, పట్టుదలతో చదివించెను. ఆడుదానికి దేవభాష నేర్పుచున్నాడని పెద్దలు ఉడుపి మఠమునకు పిలిచి ప్రశ్నింపగా, శాస్త్రములలోనుండియే వారికి జవాబు చెప్పెను. ఊరిలో నెమ్మది లేకపోగా అడవిలో ఆశ్రమము కట్టుకొనెను.

రమాబాయికి ఆరు నెలల వయస్సు వచ్చునప్పటికి ఆ ఆశ్రమము కూడ చేయి జారిపోయెను. వచ్చిన వారికెల్ల అన్నము పెట్టి, అడిగిన వారికెల్ల దానమిచ్చి అప్పుల పాలైరి. పసిదానిని బుట్టలో పెట్టి తలమీద మోయించుకొని యాత్రలకు బయలుదేరిరి. అది మొదలు వారికి ఇల్లు లేదు. దేవాలయములందును నదీతీరములందును పురాణము చదివి, వినువారు సమర్పించిన బియ్యముతోను దక్షిణతోను జీవించిరి. తండ్రికి ముసలితనము వచ్చినందున రమాబాయికి చదువు చెప్పినది తల్లియే. తెల్లవారుజామున వంట పని మొదలు కాకముందు ఆ పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొని పాఠము చెప్పెడిది. పండ్రెండేండ్లు వచ్చునప్పటికి భాగవతములోని పద్దెనిమిది వేల శ్లోకములు ఆమె నోటనుండెను.

ఇక కరవు సంగతి. 1870వ దశకమున మద్రాసు రాజధానిలో వరుసగా వచ్చిన కరవులు మన పెద్దలు కథలు కథలుగా చెప్పుకొనినవే. ఆ దినములలో డోంగ్రే కుటుంబము మన తిరుపతిలో నుండెను. చేతిలో నున్న డబ్బంతయు దేవుని దయ కొరకు బ్రాహ్మణులకును దేవాలయములకును ఇచ్చివేసిరి. నగలు, పట్టుబట్టలు, రాగి పాత్రలు అమ్ముకొని తినిరి. కడపటి గింజ అయిపోయిన దినమున కుటుంబమంతయు కూర్చుండి ఆలోచించుకొని, తమవారి యెదుట చేయి చాచుటకంటె అడవిలో చచ్చుట మేలని తీర్మానించుకొని, రాత్రివేళ ఊరు విడిచి అడవిలోనికి పోయిరి. పదునొకండు దినములు నీళ్లును ఆకులును కొద్దిపాటి ఈతపండ్లును తిని బ్రదికిరి. చూపు దాదాపుగా పోయిన తండ్రి ఇక ఓర్వలేక, అక్కడి పుణ్యతీర్థములో మునిగి ప్రాణము విడువవలెనని సిద్ధపడెను. అందరిని ఒక్కొక్కరిగా దగ్గరకు పిలిచి కడసారి కౌగిలించుకొనెను. రమాబాయి అందరిలో చిన్నది. మర్యాదగా బ్రదుకుమనియు, ఎల్లప్పుడును దేవుని సేవింపుమనియు ఆమెకు చెప్పెను. ఆ దేవుడెవరో ఆయన ఎరిగియుండలేదు, ఆమెయు ఎరిగియుండలేదు. అయినను ఆ ఆజ్ఞను తాను తుదివరకు మరువలేదని ఆమె తరువాత వ్రాసెను.

అప్పుడు అన్న శ్రీనివాసుడు కులగౌరవము ప్రక్కన పెట్టి కూలి చేసియైనను పోషింతునని చెప్పెను. తండ్రి తీర్థములో దిగుట మానుకొనెను. కాని కొన్ని దినములలోనే జ్వరము వచ్చి ఒక పాడుపడిన గుడిలో ప్రాణము విడిచెను. శవమును మోయుటకు ఊరి బ్రాహ్మణులెవ్వరును రాలేదు. అన్న ఒక్కడే తండ్రి దేహమును బట్టలో చుట్టుకొని, రెండు మైళ్లు మోసికొనిపోయి పాతిపెట్టెను. నెలన్నరకు రాయచూరులో తల్లి కన్నుమూసెను. జ్వరపు మైకములో ఆ తల్లి సజ్జరొట్టె అడుగుచుండెను. రమాబాయి ఒక ఇంటికి పోయి వాకిట నిలిచినది గాని అడుగుటకు నోరు రాలేదు. ఆ ఇల్లాలే గ్రహించి ఒక ముక్క ఇచ్చెను. దానిని తెచ్చునప్పటికి తల్లి తినగల స్థితిలో లేదు. పాడె మోయుటకు అన్నకు తోడు ఇద్దరు మనుష్యులు మాత్రమే దొరికిరి. నాలుగవ కొమ్ము రమాబాయి పట్టవలసి వచ్చెను. ఆమె అందరికంటె పొట్టిది గనుక భుజముమీద కాక తలమీద మోసెను. శ్మశానము మూడు మైళ్లు. కొలది నెలలకు అక్క కృష్ణాబాయి కూడ మరణించెను.

నేను ఇక్కడ కొంచెము ఆగుదును. తిరుపతి కొండలను చూచినప్పుడెల్ల మనలో కొందరు ఆ భక్తులను పరిహాసముగా మాటలాడుదురు. రమాబాయి తలిదండ్రులు తమకు తెలిసిన త్రోవలో దేవుని వెదకుటకు ఇల్లు, పొలము, ఆహారము, తుదకు ప్రాణము పెట్టిరి. మనలో ఎందరము కానుక సంచిలో వేయుటకు చిల్లర వెదకుచున్నాము? మరియొక సంగతి. ఆ దశకపు చివరి గొప్ప కరవులోనే ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వు పని కాంట్రాక్టుకు తీసికొని, మన మాదిగ పెద్దలకు కూలి చూపెను. కరవు తీరిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మట్టి తట్ట మోయుట వచ్చినందున మన తాతలు బ్రదికిరి. పదునొకండు దినములు ఆకులు తినిన ఆ పండిత కుటుంబమునకు తట్ట ఎత్తుట అవమానమని నేర్పినది వారి కులమే. దీనిని రమాబాయి తానే పిమ్మట విచారముతో ఒప్పుకొనెను. ముక్తిలో ప్రతి బాలికకును చేతిపని నేర్పవలెనని ఆమె పట్టుబట్టుటకు మూలము ఇక్కడ నున్నది.

మిగిలినది అన్నాచెల్లెండ్రు ఇద్దరే. కాలినడకను వేల మైళ్లు తిరిగి పంజాబు, కాశ్మీరము వరకు పోయిరి. జీలము నది ఒడ్డున చలికి కప్పుకొనుటకు బట్టలు లేక ఇసుకలో గోతులు త్రవ్వి, మెడ వరకు పూడ్చుకొని నిద్రించిరి. 1878లో కలకత్తా చేరగా అక్కడి పండితులు ఆమె సంస్కృత విద్యను పరీక్షించి పండిత అనియు, సరస్వతి అనియు బిరుదులిచ్చిరి. ఆకలి తీరినది గాని అప్పటికే విగ్రహములయందు నమ్మకము పోయియుండెను. మొదటిసారిగా క్రైస్తవుల కూటమును ఆమె చూచినది ఆ ఊరిలోనే. అందరును లేచి వెనుకకు తిరిగి కుర్చీల యెదుట మోకరించగా, వీరు కుర్చీలకు పూజ చేయుచున్నారని ఆమె అనుకొనెను! మనకు నవ్వు వచ్చును గాని మన ఆరాధన కొత్తవారి కంటికి ఎట్లు కనబడునో ఒక్కసారి ఆలోచింపదగినది.

1880 మే నెలలో ఢాకాలో అన్న చనిపోయెను. లోకములో ఆమెకు రక్తసంబంధి ఎవరును మిగులలేదు. ఆ సంవత్సరమే బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ వకీలును చట్టప్రకారము వివాహమాడెను. ఆయన శూద్రకులస్థుడు, భాష వేరు, దేశము వేరు. ఆయన బంధువులును ఆమె కులమువారును ఇద్దరిని వెలివేసిరి. అస్సాములోని సిల్చరులో కాపురము. అక్కడ ఇంటిలోని పుస్తకములలో బెంగాలీ భాషలోనున్న లూకా సువార్త ఆమెకు దొరికెను. ఒక బాప్తిస్టు మిషనెరీ వచ్చి ఆదికాండపు సృష్టి వృత్తాంతము వివరించుచుండెను. క్రైస్తవురాలనగుదునని ఆమె అనగా భర్తకు కోపము వచ్చెను. 1881 ఏప్రిల్‌లో కుమార్తె పుట్టగా మనోరమ అని పేరు పెట్టిరి. పది నెలలైనను నిండలేదు, 1882 ఫిబ్రవరిలో కలరా తగిలి భర్త మరణించెను. ఇరువది నాలుగేండ్లు నిండకముందే తండ్రి, తల్లి, అక్క, అన్న, భర్త అందరును పోయిరి. నయోమికి బేత్లెహేమునకు తిరిగి పోవుటకు ఒక ఊరైనను ఉండెను.

ఆమె పసిబిడ్డతో పూనాకు వచ్చి, స్త్రీల కొరకు ఆర్యమహిళా సమాజమును స్థాపించెను. ప్రభుత్వము నియమించిన హంటరు విద్యా కమీషను యెదుట నిలిచి, మన దేశపు స్త్రీలకు ఉపాధ్యాయినులును స్త్రీ వైద్యులును కావలెనని సాక్ష్యమిచ్చెను. తానే వైద్యము చదువవలెనని 1883లో ఇంగ్లాండుకు పోయి, వాంటేజిలో సెయింట్ మేరీ సిస్టర్ల యొద్ద దిగెను. చెవుడు పెరుగుచున్నందున వైద్యవిద్య సాగలేదు. వెంట వచ్చిన స్నేహితురాలు మనస్సు కలవరపడి తన ప్రాణము తానే తీసికొనెను. ఆ దుఃఖములోనే 1883 సెప్టెంబరు 29న తల్లియు బిడ్డయు బాప్తిస్మము పొందిరి.

ఆమెను క్రీస్తునొద్దకు త్రిప్పినది ఏ పండితుని వాదమును కాదు. లండనులో ఫుల్‌హాము అను చోట, చెడిపోయిన స్త్రీల కొరకు ఆ సిస్టర్లు ఒక గృహము నడుపుచుండిరి. అట్టి స్త్రీలను దయతో చేరదీయు వారుందురని ఆమె ఎన్నడును ఎరుగదు. తాను చదివిన శాస్త్రములు వారికి కఠినశిక్షయే చెప్పినవి. ఎందుకు ఇట్లు చేయుచున్నారని అడుగగా ఒక సిస్టరు యోహాను సువార్త 4వ అధ్యాయము తీసి సమరయ స్త్రీ సంగతి చదివి చెప్పెను. బావియొద్ద కూర్చుండి, కులము తక్కువదియు నడత చెడినదియు నైన ఒక స్త్రీతో సత్యారాధనను గూర్చి మాటలాడిన ప్రభువును అక్కడ ఆమె చూచెను.

ఇంతవరకు మనము సంతోషముగా చెప్పుకొందుము. దీని తరువాతి సంగతి తక్కువగా చెప్పుకొందుము. ఆమెకు బాప్తిస్మ విషయములో తల్లివలె నిలిచినది సిస్టర్ జెరాల్డీన్. వారిద్దరి ఉత్తరములు నేటికిని అచ్చులో నున్నవి. అందులో ప్రేమయు కలదు, పోట్లాటయు కలదు. రమాబాయి మాంసము, చేప ముట్టదు; గ్రుడ్డు కలిపిన పిండివంటయు తినదు. ఇది కులగర్వము ఇంకను చావకపోవుటయే అని సిస్టరు తలంచెను. రమాబాయి జవాబేమనగా, తన దేశపు భోజనమును తాను ప్రేమించుచున్నాననియు, క్రీస్తు దానిని విడువుమని అడుగలేదనియు. మెడలో వేసికొనుటకిచ్చిన సిలువమీద లాటిను మాటలు ఎందుకని అడిగెను. లాటిను తన భాష కాదు, తన దేశస్థులలో దానిని చదువగలవారు లేరు, సంస్కృతము ఎందుకుండరాదు అని. మగవారికి పాఠము చెప్పరాదని బిషప్పులు అడ్డు చెప్పగా ఆమెకు మిక్కిలి నొప్పి కలిగెను. పురుషుల సభలలో పురాణము చదివిన తండ్రికి కుమార్తె ఆమె. సంఘము చెప్పు ప్రతి సిద్ధాంతమును వెంటనే ఒప్పుకొనక, వాక్యములో ఎక్కడున్నదో చూపుమనెను. ఆ సిస్టరు చెడ్డది కాదు. ఆమె మనోరమను కడుపున పుట్టిన మనుమరాలివలె పెంచెను. ఆ పిల్ల ఆమెను అజ్జీ అని పిలిచెడిది. అయినను విధేయత లేని విశ్వాసము విశ్వాసము కాదని ఆమె భయము. క్రీస్తునకు లోబడుటయు ఆంగ్లేయుల అలవాటుకు లోబడుటయు రెండు వేరు సంగతులని రమాబాయి మాట. ఇండియాలో ఆమెను దొరసానులకు అమ్ముడుపోయినదనిరి. ఇంగ్లాండులో ఇంకను హిందువేననిరి.

ఈ ఉత్తరముల సంగతి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణము చెప్పుకొందును. నేను ఈ సంఘమునకు వచ్చిన మొదటి సంవత్సరమున, ఒక రైతు కుటుంబపు విధవరాలు విశ్వసించి బాప్తిస్మము పొందెను. ఆమె పుట్టి బుద్ధి ఎరిగినది మొదలు మాంసము తినని మనిషి. కోతపండుగ విందులో విస్తరి ముందు కూర్చుండి మాంసపు కూర వద్దనగా, ఇంకను పాత కులము వదలలేదని కొందరు నవ్విరి. తింటేనే మనలో కలసినట్లు అని ఒకరు గట్టిగా అనిరి. ఆమె వట్టి అన్నములో మజ్జిగ పోసికొని తలవంచుకొని తినెను. నేను పంక్తి మొదట కూర్చుండియుంటిని. అంతయు వింటిని. కొత్త పాస్టరును, పెద్దలకు ఎదురు చెప్పినచో ఏమగునోయని ఊరకుంటిని. ఆ మరుసటి ఏటి నుండి ఆమె ఆరాధనకు వచ్చును గాని విందు నాడు పంక్తిలో కూర్చుండదు. గిన్నెలు కడుగు చోటనుండి ఇంటికి పోవును. రూతు ఏమి తినెనని నన్ను అడిగినది ఆమెయే.

మరల చరిత్రకు వత్తును. 1886లో రమాబాయి అమెరికాకు పోయెను. ఆమెకు బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో వైద్య పట్టము పుచ్చుకొనుట చూచుటకు పిలుపు వచ్చియుండెను. మార్చి 11న ఆ ఉత్సవము జరిగెను. ఏడాది తిరుగకముందే, 1887 ఫిబ్రవరిలో, ఆ చిన్న వయస్సు డాక్టరు పూనాలో క్షయతో మరణించెను. అగ్రకులపు హిందూ స్త్రీని గూర్చి రమాబాయి ఆంగ్లములో వ్రాసిన పుస్తకము ఆ యేడే అచ్చయ్యెను. ఊరూర ఉపన్యసించగా బోస్టనులో ఒక సంఘమేర్పడి, పది సంవత్సరములు విధవల పాఠశాలను పోషింతుమని మాట ఇచ్చెను.

1889 మార్చి 11వ తేదీన బొంబాయిలో శారదా సదనము తెరువబడెను. మరుసటి సంవత్సరము పూనాకు మారెను. మొదట చేరిన విధవరాలైన గోదూబాయి తరువాత ప్రసిద్ధుడైన కర్వే పండితుని భార్య అయ్యెను. మత విషయములో ఎవరిని బలవంతపెట్టబోమని వాగ్దానమున్నది. హిందూ బాలికలు తమ ఆచారములు తాము జరుపుకొనవచ్చును. రమాబాయి తన గదిలో ప్రార్థన చేసికొనునప్పుడు తలుపు మూయదు. కొందరు బాలికలు వచ్చి కూర్చుండుచుండిరి. 1893లో ఇది పెద్ద అల్లరి అయ్యెను. పత్రికలు నిందించినవి, హిందూ సలహాదారులు రాజీనామా ఇచ్చిరి, ఇరువదిమందికి పైగా బాలికలను బంధువులు తీసికొనిపోయిరి. తలుపు మూసికొని యుండినచో అల్లరి లేకపోయెడిదని కొందరందురు. నేను ఆమెను తప్పుపట్టలేను. అయితే నమ్మి పిల్లలను పంపిన వారి భయమును కూడ తేలికగా కొట్టివేయరాదు. మన పిల్లలను వేరొకరి హాస్టలులో ఉంచినప్పుడు మనకును అదే భయము కలుగును గదా.

1896లో మధ్యపరగణాలలో కరవు వచ్చెను. వార్త వినగానే రమాబాయికి తిరుపతి అడవి కండ్లయెదుట నిలిచెను. పోషించుటకు డబ్బు లేదు, అయినను బయలుదేరెను. కరవు శిబిరములలో దిక్కులేక, దుర్మార్గుల చేత చిక్కు స్థితిలోనున్న బాలికలను మూడు వందల వరకు ఏరి తెచ్చెను. పూనాలో ప్లేగు కారణముగా అంతమందిని ఉంచుటకు వీలులేక, కేడ్గాములో తాను ముందుగా కొనియుంచిన నూరు ఎకరముల బీడునకు తరలించెను. దానికే ముక్తి అని పేరు. బావులు త్రవ్విరి, తోటలు వేసిరి. 1900లో గుజరాతు కరవు బాలికలు కూడ చేరగా సుమారు రెండువేల మంది అయిరి. మగ్గము, పాడి, వ్యవసాయము, అచ్చుపని, కుట్టుపని అన్నియు స్త్రీలే. పాడైన జీవితము గలవారికి వేరుగా ఒక గృహము; ఫుల్‌హాములో చూచినది ఆమె మరువలేదు. గ్రుడ్డి బాలికలకు చదువు చెప్పు పని మనోరమ చేపట్టెను. 1905లో అక్కడ కలిగిన ఉజ్జీవమును గూర్చి మీరు ఇతర చోట్ల చదివియుందురు గనుక ఇక్కడ వ్రాయను.

ఆమె కడపటి సంవత్సరములు ఒకే పనిమీద గడచినవి. అప్పటి మరాఠీ బైబిలు పండితుల భాషలోనున్నదనియు, పల్లెటూరి స్త్రీలకు అర్థము కాదనియు ఆమె బాధ. పద్దెనిమిది వేల సంస్కృత శ్లోకములు కంఠపాఠమైన మనిషి సంస్కృత పదములను ఏరివేయుటకు కూర్చుండెను. నడివయస్సులో హెబ్రీ, గ్రీకు నేర్చుకొని, మూలభాషల నుండి బైబిలంతయు వాడుక మరాఠీలోనికి పదిహేనేండ్లకు పైగా తర్జుమా చేసెను. అచ్చు కూర్చినది, ముద్రించినది కరవు నుండి వచ్చిన బాలికలే. మాటిమాటికి సంస్కృతము దొర్లించి ప్రసంగించు నావంటి వారు ఇక్కడ కొంచెము తల దించుకొనవలెను.

ముక్తి భారము మనోరమకు అప్పగింతునని తల్లి ఆశ. ఆమె బొంబాయి విశ్వవిద్యాలయములో పట్టము పొందెను. అప్పటి నిజాము రాష్ట్రములోని గుల్బర్గాలో పాఠశాల పెట్టుటకు తోడ్పడెను. సిల్చరులో పుట్టి, వాంటేజిలో పెరిగి, అమెరికా చూచి, మరాఠీ పల్లెలో స్థిరపడిన ఈ బిడ్డయే రమాబాయికి మిగిలిన ఒకే ఒక రక్తసంబంధి. 1921 జూలై 24వ తేదీన నలువదవ యేట మనోరమ మరణించెను. తల్లికి అప్పటికి దాదాపుగా వినబడదు. ఆ తల్లి విలపించెను, లేచెను, తర్జుమా ప్రతులు దిద్దుటకు మరల బల్ల యొద్ద కూర్చుండెను. ఇది గొప్ప విశ్వాసమని మనము తేలికగా అనవచ్చును. నాకు తోచునది వేరు. బిడ్డ పోయిన ఇంటిలో చేతికి పని లేకున్న గంటలు ఎట్లు గడచునో, ఆ దుఃఖము చూచిన కుటుంబములు మన సంఘములో నున్నవి, వారికే తెలియును.

పని ముగిసిన కొలది కాలమునకే, 1922 ఏప్రిల్ 5వ తేదీన, నిద్రలోనే ఆమె ప్రభువునొద్దకు చేరెను. అరువది నాలుగేండ్లు నిండుటకు మూడు వారములు తక్కువ. బైబిలు సంపూర్ణముగా 1924లో వెలువడెను. అప్పటి ప్రభుత్వము 1919లో కైజర్-ఇ-హింద్ పతకమిచ్చెను. స్వతంత్ర భారతము 1989లో ఆమె పేర తపాలా బిళ్ల వేసెను. కేడ్గాములోని సంస్థ నేటికిని స్త్రీలను పిల్లలను చేరదీయుచున్నది. చివరివరకు ఆమె కట్టినది తెల్లని నూలు చీర, తినినది శాకాహారము, ఆరాధించినది క్రీస్తును.

వచ్చే స్త్రీల కూటమున రూతు 2వ అధ్యాయము చదువవలెను. పొలములో బోయజు పనివారితో కూడ కూర్చుండి ఆ మోయాబీయురాలు భోజనము చేసిన సంగతి అందులో నున్నది. రొట్టె, చిరకా, పేలాలు అని వివరముగా వ్రాయబడినది. మాంసమున్నట్లు వ్రాయబడలేదు. నేను ఆ సహోదరికి ఈ సంగతి చెప్పవలెను, దానికంటె ముందు ఆ కోతపండుగ దినమును గూర్చి ఆమెను క్షమాపణ అడుగవలెను. ఈ సంవత్సరము పండుగకు పప్పును కూరగాయలును వేరే గుండిగలో వండవలెనని పెద్దలకు చెప్పియున్నాను. ఒకరిద్దరు ఇంకను ఒప్పుకొనలేదు.